ప్రార్థనలో విసుగు, జీవితానికి ఉద్దేశం తెలియకపోవడం: ఉద్యోగం మానేసి సేవకు వెళ్లాలా?

ప్రభువు నామంలో వందనాలు బ్రదర్.

మీరు అడిగింది క్లుప్తంగా ఇది. వయసు 26, ఉండేది తిరుపతి, రేణిగుంట వైపు ఫ్యాక్టరీలో షిఫ్టు డ్యూటీ. పదిహేడేళ్లకే బాప్తిస్మం తీసుకున్నారు. అప్పట్లో ఉపవాస కూటమంటే పరుగెత్తేవారు. ఇప్పుడు బైబిల్ తెరిస్తే ఆవలింతలు, మోకరిస్తే ధ్యాసంతా ఫోన్ మీద, ఆదివారం ఆరాధనలో కళ్లు గడియారం మీద. "దేవునికి నా పట్ల ఉన్న ఉద్దేశం ఏమిటో తెలియడం లేదు. నా విశ్వాసం చచ్చిపోయిందా? ఉద్యోగం మానేసి పూర్తికాల దైవసేవకు వెళ్తే ఈ విసుగు పోతుందా?" అని రాశారు.

జవాబు ముందే చెప్పేస్తాను. మీ విశ్వాసం చచ్చిపోలేదు, చచ్చిపోయి ఉంటే దాని గురించి ఇంత బాధపడి రాసేవారు కాదు. ఉద్యోగం ఇప్పుడు మానొద్దు. ఉద్దేశం తెలిశాక పని మొదలుపెడదామని ఎదురుచూడొద్దు. ఒక మనిషి కోసం, వారంలో ఒక నిర్ణీత సమయంలో, చిన్న పని ఒకటి పట్టుకుని ఆరు వారాలు వదలకుండా చేయండి. దానికి తోడు రోజుకు పదిహేను నిమిషాల ప్రార్థన, ఒక అధ్యాయం వాక్యం. ఉద్దేశం అనేది ఆ పని చేస్తుండగా స్పష్టమవుతుంది.

అయితే ముందు మీ విసుగు ఏ రకమో తేల్చుకోవాలి. మన సంఘాల్లో అన్నిటికీ ఒకటే మందు రాసిస్తారు: "ఇంకా ప్రార్థించు, ఉపవాసం ఉండు." నిద్రలేక నీరసపడ్డవాడికి అది సరైన మందు కాదు. యవ్వనస్థులతో కూర్చుని మాట్లాడేటప్పుడు నేను మొదట అడిగేది నిద్ర గురించే, బైబిల్ గురించి కాదు.

శరీరం సంగతి ముందు. 1 రాజులు 19వ అధ్యాయం తీయండి. కర్మెలు కొండ మీద అంత గొప్ప గెలుపు చూసిన ఏలీయా, వెంటనే పారిపోయి బదరీవృక్షం కింద పడి చావు కోరుకుంటాడు. దూత వచ్చి ప్రసంగం చేయలేదు, గద్దించలేదు. నిప్పుల మీద కాల్చిన అప్పం, నీళ్లబుడ్డి తలదగ్గర పెట్టాడు. ఏలీయా తిని మళ్లీ పడుకున్నాడు. దూత రెండోసారి లేపి మళ్లీ తినమన్నాడు. "ఇచ్చట నీవేమి చేయుచున్నావు?" అన్న దేవుని ప్రశ్న హోరేబు కొండ దగ్గర, ఆ తర్వాత వచ్చింది. తిండి, నిద్ర ముందు, ప్రశ్న తర్వాత. ఈ వరుసను మనం తలకిందులు చేస్తున్నాం.

షిఫ్టులు మారుతుండే వాళ్లకు ఇది మరీ ముఖ్యం. రాత్రి డ్యూటీ వారంలో పొద్దున ఏడింటికి ఇంటికొచ్చి, మంచమెక్కే ముందు బైబిల్ తెరిస్తే ఆవలింత రాక ఏమొస్తుంది? అది ఆత్మీయ పతనం కాదు, ఎనిమిది గంటలు నిలబడి పనిచేసిన ఒళ్లు. ఆ వారంలో ప్రార్థన సమయాన్ని మధ్యాహ్నం నిద్ర లేచి, స్నానం చేసి, భోజనానికి ముందుకు మార్చండి. కిటికీకి ముదురు రంగు దుప్పటి కట్టి కనీసం ఏడు గంటలు పడుకోండి. నైట్ డ్యూటీ చేసిన వారంలోనే ఆల్ నైట్ ప్రేయర్‌కు కూడా వెళ్లి, మరుసటి ఆదివారం ఆరాధనలో కునికిపాట్లు పడి, "నాలో అగ్ని ఆరిపోయింది" అనుకునేవాళ్లు చాలామంది ఉన్నారు. ఆ వారం మానుకోండి, పాపమేమీ కాదు.

ఇది డిప్రెషన్ కావచ్చా? ప్రార్థన మీదే కాదు, క్రికెట్, స్నేహితులు, ఇష్టమైన తిండి, దేని మీదా ఆసక్తి లేకుండా, రోజులో ఎక్కువ భాగం, దాదాపు ప్రతిరోజూ, రెండు వారాలకు మించి ఉంటే డాక్టరుకు చూపించుకోవాలి. నిద్ర, ఆకలి బాగా తగ్గినా, బాగా పెరిగినా అంతే. ముందు మామూలు డాక్టరు దగ్గర హిమోగ్లోబిన్, థైరాయిడ్, బి12 పరీక్షలు చేయించండి. ఇవి తగ్గినా మనిషి ఇలాగే మందకొడిగా అయిపోతాడు. రుయా ఆసుపత్రిలో మానసిక వైద్య విభాగం ఉంది. ఫోన్‌లో మాట్లాడాలంటే ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ 14416, ఉచితం, తెలుగులో మాట్లాడతారు. చనిపోవాలన్న ఆలోచన ఒక్కసారి వచ్చినా సరే, ఈ సమాధానం పక్కన పెట్టి ఇవాళే ఆ నంబరుకు ఫోన్ చేయండి, ఇంట్లో ఒకరికి చెప్పండి. మాత్ర వేసుకోవడం అవిశ్వాసం కాదు. షుగరుకు వేసుకుంటున్నాం కదా.

మూడోది, మీకు మాత్రమే తెలిసిన విషయం. ఎవరితోనైనా మాటలు మానేశారా? దాచిన అప్పు, దాచిన అలవాటు ఏదైనా ఉందా? అలాంటిది ఉన్నప్పుడు ప్రార్థన బోరు కొట్టదు, భయపెడుతుంది. మనసు ఆ భయాన్ని విసుగుగా చూపిస్తుంది. దానికి మందు నమ్మకమైన ఒక పెద్దమనిషి దగ్గర నోరు విప్పడమే. ఎక్కువ వివరించాల్సింది లేదు.

ఈ మూడూ కాకపోతే, మీది పాత జబ్బే. దీన్ని చాలా బాగా వర్ణించినవాడు నాలుగో శతాబ్దంలో ఐగుప్తు ఎడారిలో బతికిన ఎవాగ్రియస్ అనే సన్యాసి. మధ్యాహ్నం పూట సూర్యుడు కదలడం లేదనిపిస్తుందట. రోజుకు యాభై గంటలున్నట్టు తోస్తుందట. భోజనవేళ అయిందా అని మాటిమాటికీ బయటికి తొంగి చూడటం, ఉన్న చోటు మీద అసహ్యం, "ఇక్కడి సహోదరుల్లో ప్రేమ లేదు" అన్న ఆలోచన, ఇంకో చోటికి వెళ్తే దేవుణ్ణి సులువుగా సేవించవచ్చన్న ఊహ. పదహారు వందల ఏళ్ల కిందటి మాట ఇది. గడియారం చూడటం, సంఘం మారాలనిపించడం, ఉద్యోగం మానాలనిపించడం అన్నీ అందులోనే ఉన్నాయి. ఆయన చెప్పిన మందులు మూడు: గది వదిలి పోవద్దు, చేతులతో పని చేయి, "నా ప్రాణమా, నీవేల క్రుంగియున్నావు?" అన్న 42వ కీర్తన మాటతో నీ ప్రాణాన్ని నువ్వే పలకరించు.

అందుకే విసుగులో ఉన్నప్పుడు పెద్ద నిర్ణయం తీసుకోవద్దు. సంఘం మారడం, ఉద్యోగం మానడం, పెళ్లి సంబంధం వదులుకోవడం ఏదైనా సరే. కొత్త సంఘంలో కొత్త పాటలు, కొత్త ప్రసంగీకుడు మూడు నెలలు బాగుంటాయి. తర్వాత అదే ఆవలింత. నిజంగా తప్పుడు బోధ ఉన్నా, డబ్బు విషయంలో మోసం ఉన్నా వెళ్లిపోవాలి, అది వేరే సంగతి. బోరు కొడుతోందని మాత్రం వెళ్లకండి.

ఇప్పుడు ఉద్దేశం సంగతి. డిసెంబర్ 31 రాత్రి మన సంఘాల్లో వాగ్దాన కార్డులు పంచుతారు. వాటిలో తరచుగా కనిపించేది యిర్మియా 29:11, "నేను మిమ్మునుగూర్చి ఉద్దేశించిన సంగతులను నేనెరుగుదును." ఆ కార్డు చేతిలో పెట్టుకుని, దేవుడు నాకోసం ఒక రహస్య పథకం దాచాడు, అది తెలిస్తే జీవితం మారిపోతుంది అనుకుంటాం. ఆ మాట ఎవరికి రాసిందో చూడండి. బబులోనుకు చెరగా పోయినవాళ్లకు యిర్మియా యెరూషలేము నుంచి పంపిన ఉత్తరం అది. తిరిగి రావడానికి డెబ్బై ఏళ్లు పడుతుందని 10వ వచనంలోనే ఉంది. అంటే ఆ ఉత్తరం విన్నవాళ్లలో చాలామంది తిరుగు ప్రయాణం చూడకుండానే పోతారు. మరి ఆ డెబ్బై ఏళ్లూ ఏం చేయాలి? 5 నుంచి 7 వచనాలు చదవండి: ఇళ్లు కట్టుకోండి, తోటలు నాటి పండ్లు తినండి, పెళ్లిళ్లు చేసుకోండి, మీరున్న పట్టణపు క్షేమం కోరి ప్రార్థించండి. దేవుని ఉద్దేశం నెరవేరేలోపు మనిషి చేయాల్సింది ఇల్లు, తోట, కుటుంబం, ఊరి క్షేమం. కార్డు మీద ఈ మూడు వచనాలు అచ్చువేయరు, నాకు అదే బాధ.

ఎఫెసీ 2:10 కూడా ఇదే చెబుతుంది. మనం నడవాల్సిన సత్‌క్రియలను దేవుడు ముందుగానే సిద్ధపరిచాడు. వాటిని తయారుచేసే బాధ్యత మనది కాదు, దారిలో ఎదురైనప్పుడు చేయడమే మన వంతు. "చేయుటకు నీ చేతికి వచ్చిన యే పనినైనను నీ శక్తిలోపము లేకుండ చేయుము" అని ప్రసంగి 9:10. చేతికి వచ్చిన పని అంటే మీ విషయంలో ఆ ఫ్యాక్టరీ లైను కూడా. మెషీను రీడింగులు అబద్ధం లేకుండా రాయడం, మీ తర్వాతి షిఫ్టువాడికి సరిగ్గా అప్పజెప్పడం, కొత్తగా చేరిన కాంట్రాక్టు కుర్రాడికి చెయ్యి తెగకుండా పని నేర్పడం. ఏ పనైనా ప్రభువు కోసమని మనస్ఫూర్తిగా చేయమని కొలొస్సయులకు 3:23లో రాసింది యజమానుల కింద పనిచేసే దాసులకు, ప్రసంగీకులకు కాదు.

పిలుపు అంటే ఒక రాత్రి ఉరుములా రావాలని చాలామంది అనుకుంటారు. మనకు చిత్తూరు పక్కనే ఉన్న వేలూరు సీఎంసీ ఆసుపత్రి సంగతి చెబుతారు: తిండివనంలో ఒకే రాత్రి ముగ్గురు గర్భిణులు వైద్యం అందక చనిపోవడం చూసి, మిషనరీ కుటుంబపు అమ్మాయి ఐడా స్కడర్ డాక్టరు కావాలని నిశ్చయించుకున్నారు. నిజమే. కానీ ఆ తర్వాతి లెక్క ఎవరూ చెప్పరు. అమెరికా వెళ్లి వైద్యం చదివి 1899లో పట్టా, 1900లో వేలూరులో చిన్న డిస్పెన్సరీ, 1902లో 40 పడకల ఆసుపత్రి, 1909లో నర్సుల శిక్షణ, 1918లో ఆడవాళ్లకు వైద్య పాఠశాల. ఒక్క రాత్రి పిలుపుకు వెనక దశాబ్దాల రోజువారీ పని. అందులో ఎక్కువ రోజులు పుండ్లు కడగడం, మందులు కలపడం, లెక్కలు రాయడమే. ఆ రోజుల్లోనూ పిలుపు ఉంది.

సరే, ఏ పని పట్టుకోవాలి? నాలుగు గుర్తులు చూడండి. ఆ పనిలో పేరున్న ఒక మనిషి ఉండాలి, "సమాజం" కాదు. వారంలో రోజు, గంట ఖాయంగా ఉండాలి. మీ చెడ్డ వారంలో కూడా చేయగలిగేంత చిన్నదిగా ఉండాలి, గంటన్నర చాలు. మీరు రాకపోతే ఎవరో ఒకరు "ఏమయ్యాడు?" అని అడగాలి. ఈ నాలుగోది లేని పనులు మూడో వారానికి జారిపోతాయి.

ఉదాహరణకు, సంఘంలో మంచం పట్టిన ఒక పెద్దాయన ఇంటికి వారానికోసారి వెళ్లి మందులు తెచ్చిపెట్టి, ఒక కీర్తన చదివి రావడం. లేదా పదో తరగతి పిల్లలు ఇద్దరికి లెక్కలు చెప్పడం, వాళ్లు ఏ మతం వాళ్లైనా సరే. సండే స్కూల్లో ఒక తరగతి తీసుకుంటే పాఠం నలభై నిమిషాలే, కానీ శనివారం రెండు గంటలు సిద్ధపడాలి, లేకపోతే పిల్లల ముందు మీరే బోరు కొడతారు.

రుయాకు, స్విమ్స్‌కు కడప, నెల్లూరు వైపు నుంచి కూడా రోగులు వస్తారు. తోడు వచ్చినవాళ్లకు స్కానింగ్ ఎక్కడో, వైద్య సేవ కౌంటర్, అదే పాత ఆరోగ్యశ్రీ, ఎక్కడో తెలియదు. చదువురాని ఒక కుటుంబానికి ఫారం నింపి, క్యూలో నిలబడి, భోజనం ఎక్కడ దొరుకుతుందో చూపించడం గొప్ప పరిచర్య. దానికి పద్ధతి ఉంది. వార్డులోకి సిస్టర్ అనుమతితోనే వెళ్లాలి. పది నిమిషాలు మించొద్దు. మంచం మీద కూర్చోవద్దు. షుగరు ఉందో లేదో తెలియకుండా పండ్లు ఇవ్వొద్దు. ప్రార్థన చేయమంటారా అని అడగండి, వద్దంటే నవ్వుతూ సరే అని మిగతా సాయం చేయండి. కరపత్రాలు జేబులో పెట్టుకుని వెళ్లకండి. నీరసంగా పడి ఉన్న మనిషికి కాదనే ఓపిక ఉండదు, దాన్ని వాడుకోవడం ప్రేమ కాదు. విసుగులోంచి పుట్టే ఇంకో రకం ఆవేశం గురించీ చెప్పాలి. తిరుమలలో అన్యమత ప్రచారం నిషేధం. "ఏదైనా సాహసం చేద్దాం" అని అటువైపు కరపత్రాలతో వెళ్లడం సాక్ష్యం కాదు. మన పొరుగువాళ్లకు పవిత్రమైన చోటును గౌరవించడం కూడా ఊరి క్షేమం కోరడమే.

ఇంకొకటి, రక్తదానం. 18 ఏళ్లు దాటి, 45 కిలోలు మించిన మగవాళ్లు 90 రోజులకొకసారి ఇవ్వవచ్చు. నైట్ డ్యూటీ చేసి నిద్రపోకుండా మాత్రం వెళ్లొద్దు, కళ్లు తిరుగుతాయి.

పాటల బృందం, మైకు, సోషల్ మీడియా పేజీ, ఇవి విసుగుకు మందుగా తీసుకోకండి. చప్పట్లు ఉన్నంతసేపే పనిచేస్తాయి. ముందు ఎవరూ చూడని పని ఒకటి నిలబడనివ్వండి, వరం ఉంటే ఆ తర్వాత పాడవచ్చు.

ప్రార్థన, వాక్యం. పదిహేను నిమిషాలను మూడు ముక్కలు చేయండి. మొదటి ఐదు, ఒక కీర్తనను పైకి చదవడం. మనసు ఎండిపోయినప్పుడు సొంత మాటలు రావు, దావీదు మాటలు అరువు తెచ్చుకోండి. 13వ కీర్తనతో మొదలుపెట్టండి, ఆరే వచనాలు. తర్వాతి ఐదు, కాగితం మీద రాసుకున్న ఐదు పేర్ల కోసం ప్రార్థన, మీరు సాయం చేసే మనిషి పేరు మొదట. చివరి ఐదు మౌనం. కూర్చుంటే నిద్రొస్తే మిద్దె మీద నడుస్తూ చేయండి. ఫోన్ వేరే గదిలో చార్జింగ్ పెట్టండి, బైబిల్ మాత్రం పుస్తకమే వాడండి. యాప్‌లో చదువుతుంటే మూడో వచనానికే వాట్సాప్ మెసేజ్ వస్తుంది.

జనవరిలో ఆదికాండంతో మొదలుపెట్టి ఫిబ్రవరిలో లేవీయకాండం దగ్గర ఆగిపోవడం మనకు మామూలే. బైబిల్లో 1,189 అధ్యాయాలు, ఏడాదిలో ముగించాలంటే రోజుకు మూడు, నాలుగు. షిఫ్టువాడు ఐదు రోజులు తప్పితే పదహారు అధ్యాయాల బాకీ, అంతటితో వదిలేస్తాడు. మీరు మార్కు సువార్త తీసుకోండి, రోజుకొక అధ్యాయం, పదహారు రోజులు. తప్పిన రోజు బాకీ తీర్చొద్దు, ఆగిన చోటినుంచే సాగండి. ముగిశాక ఫిలిప్పీ పత్రిక నాలుగు అధ్యాయాలు, తర్వాత ప్రసంగి పన్నెండు. పాత అనువాదంలో భాష అడ్డుపడితే సులభ భాషలో వచ్చిన అనువాదం పక్కన పెట్టుకోండి. ప్రతి అధ్యాయానికీ ఒక్క వాక్యం నోటుపుస్తకంలో రాయండి: ఇవాళ దీన్నిబట్టి నేను చేయాల్సింది ఏమిటి?

ఆదివారం సంగతి. సీఎస్‌ఐ, లూథరన్ సంఘాల్లో ఆ వారం పాఠాలు ముందే నిర్ణయమై ఉంటాయి, శనివారం చదువుకుని వెళ్లండి. స్వతంత్ర సంఘమైతే పాస్టర్ అయ్యగారిని అడగండి, సంతోషంగా చెబుతారు. వెనక వరుస వదిలి ముందు కూర్చోండి. పది నిమిషాలు ముందుగా వెళ్లి కుర్చీలు వేయండి. చూసేవాడిగా వెళ్తే ఏ ఆరాధనైనా పొడుగే.

ఎక్కడ చెడుతుందో కూడా చెబుతాను. మొదటి వారం ఉత్సాహం ఉంటుంది. మూడు, నాలుగు వారాల్లో పాత విసుగు రెట్టింపై వస్తుంది. మీరు సాయం చేసే పెద్దాయన చిరాకు పడతారు, పిల్లలు పాఠం ఎగ్గొడతారు, "దీనివల్ల ఏం లాభం?" అనిపిస్తుంది. గలతీ 6:9లో "మేలుచేయుటయందు విసుకక యుందము" అని పౌలు రాయాల్సి వచ్చిందంటే, మేలు చేసేవాళ్లకు విసుగు వస్తుందని ఆయనకు తెలుసన్నమాట. ఆ రెండు వారాలు పని తగ్గించండి కానీ మానకండి. గంటన్నర బదులు అరగంట వెళ్లండి. ఇంకో తప్పు, ఉత్సాహంలో ఒకేసారి మూడు బాధ్యతలు ఒప్పుకోవడం. ఒక్కటే. అనుభూతిని రోజూ కొలవడం కూడా మానండి. ప్రకటన 2వ అధ్యాయంలో మొదటి ప్రేమ వదిలిన ఎఫెసు సంఘానికి ప్రభువు చెప్పింది "ఆ మొదటి క్రియలను చేయుము" అని. ప్రేమ తగ్గినవాళ్లకు ఆయన చేయమన్నది క్రియలు.

పూర్తికాల సేవ గురించి. అపొస్తలుల కార్యములు 13లో పరిశుద్ధాత్మ బర్నబాను, సౌలును ప్రత్యేకపరచమన్నప్పుడు వాళ్లు అప్పటికే అంతియొకయలో బోధిస్తూ ఉన్నారు. ఖాళీగా కూర్చున్నవాళ్లను కాదు పిలిచింది. ఆ సౌలే, అంటే పౌలు, డేరాలు కుడుతూనే సేవ చేశాడు. కాబట్టి నా సలహా: కనీసం రెండేళ్లు, ఉద్యోగం చేస్తూనే, ఒక కాపరి పర్యవేక్షణలో వారం వారం సేవ చేయండి. అప్పులు తీర్చండి. అమ్మానాన్నల పోషణకు దారి చూడండి. మీలో ఆ వరం ఉందని మీరు కాదు, సంఘం చెప్పాలి. సీఎస్‌ఐ, లూథరన్ సంఘాల్లో అభిషేకం పొందిన కాపరి కావాలంటే సంఘం పంపితేనే వేదాంత కళాశాలకు దారి. ఉద్యోగం మీద విసుగుతో సేవకు వెళ్లినవాడికి సేవ మీద కూడా విసుగు వస్తుంది, అప్పుడు దెబ్బ తినేది ఒక సంఘం మొత్తం.

ఈ ఆదివారం ఆరాధన అయ్యాక అయ్యగారితో "నాకేదైనా పని ఇవ్వండి" అనకండి, అలా అంటే "ప్రార్థించండి బ్రదర్" అనే జవాబు వస్తుంది. "నాకు బుధవారం సాయంత్రం ఐదు నుంచి ఆరున్నర వరకు వీలవుతుంది, ఆరు వారాలు తప్పకుండా వస్తాను, మన సంఘంలో ఎవరికి తోడు కావాలి?" అని అడగండి. బుధవారం కుదరని షిఫ్టు వారంలో ఏ రోజు వస్తారో కూడా అప్పుడే చెప్పండి. మీ షిఫ్టులు ఏ వరుసలో మారతాయో, సంఘం తిరుపతిలో ఏ వైపు ఉందో ఇక్కడ రాస్తే, ఏ పని ఏ రోజుకు సరిపోతుందో కలిసి చూద్దాం.